గలిజేరు పెట్టెలు

మా అత్తయ్య కుడిచెయ్యి గురించి మా బంధువుల్లో ఒక కథ ఉంది. పెళ్ళిళ్ళలో, దినకర్మల్లో, నలుగురు కూర్చున్న చోటల్లా అది ఇంకా నడుస్తూనే ఉంది. కోడలికి పొడి పెట్టిన చెయ్యి కోడలి కళ్ళముందే పడిపోయిందన్నది ఆ కథ. చెప్పేవాళ్ళు గొంతు తగ్గించి చెబుతారు. వినేవాళ్ళు తెలియకుండానే తమ చేతుల వైపు ఒకసారి చూసుకుంటారు.

ఆ కథలో నేను కూడా ఉన్నాను. పొడిలో ఏదో ఉందని ల్యాబ్‌లో కనిపెట్టి కోడలిని కాపాడిన మేనల్లుణ్ణి నేనే. నా వంతుకు వచ్చేసరికి అందరూ మెచ్చుకోలుగా తల ఊపుతారు. ఊపవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అత్తయ్య మా నాన్నకు చెల్లెలు. మంగళగిరిలో ఉంటుంది. వాళ్ళది నేత కుటుంబం. ముందుగదిలో రెండు గుంట మగ్గాలు, పెరట్లో రేకుల కింద నూలుకు రంగులద్దే తొట్లు. అత్తయ్య కొడుకు నాకన్నా బాగా చిన్నవాడు, నన్ను బావా అని పిలుస్తాడు. అతని భార్య నాకు చెల్లెలి వరస. ఈ ముగ్గురు తప్ప ఈ కథలో చెప్పుకోవలసిన వాళ్ళు పెద్దగా లేరు.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో, హోల్‌సేల్ షాపుల మీద మూడో అంతస్తులో ఉన్న ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పని చేస్తాను. నీళ్ళు, ఎరువులు, పచ్చళ్ళు, గోడల రంగులు, ఏవి తెస్తే అవి పరీక్ష చేస్తాం. ఈ మధ్య కొన్నేళ్ళుగా మూలికల పొడులు ఎక్కువయ్యాయి. తిప్పతీగ, నేల ఉసిరి, గుంటగలగర, మునగాకు, ఏదో ఒకటి చిన్న ప్లాస్టిక్ సంచిలో వస్తుంది. అందులో ఇనుమెంత, కాల్షియమెంత, జింకెంత అని అడుగుతారు. డబ్బా మీద అచ్చు వేసుకోవాలి కదా.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. పొడిని పింగాణీ గిన్నెలో పోసి కొలిమిలో పెడతాం. ఆకు వాసన, రంగు, చేదు అన్నీ పోయి చివరికి చిటికెడు తెల్లటి బూడిద మిగులుతుంది. దాన్ని యాసిడ్‌లో కరిగించి సన్నటి గొట్టంతో మంటలోకి పీల్పిస్తాం. మంటకు ఒక పక్కన దీపం, ఇంకో పక్కన ఆ వెలుగును కొలిచే యంత్రం. ఒక్కో లోహానికి ఒక్కో దీపం ఉంటుంది. ఇనుము దీపం వెలిగిస్తే యంత్రానికి ఇనుము ఒక్కటే కనపడుతుంది. అదే మంటలో పక్కనే ఇంకేదైనా కాలుతున్నా దానికి కనపడదు. మనం ఏ దీపం పెడితే అదే ఉన్నట్టు, మిగతావి లేనట్టు.

ఇన్నేళ్ళు చూశాక నాకు తెలిసిందేమిటంటే, బూడిదలో మిగిలేది మొక్కది కాదు. కృష్ణ లంకల్లో ఇసుక మీద పాకిన తిప్పతీగకూ, నల్లరేగడి గట్టు మీద పెరిగిన తిప్పతీగకూ అంకెలు కలవవు. మొక్క నోరెత్తకుండా నేలలో ఉన్నదంతా తాగుతుంది. ఏది మంచిదో ఏది కాదో అది అడగదు.

భవానీపురంలో మేము ఫ్లాట్ తీసుకున్న కొత్తలో ఇన్వర్టర్ బ్యాటరీ పాడైపోయి, మార్చుకుందామని పాత సామాన్లు అమ్మేచోటికి వెళ్ళాను. అక్కడ గోడవారగా ఖాళీ లారీ బ్యాటరీ పెట్టెలు పేర్చి ఉన్నాయి. నల్లటివి, దిట్టమైనవి, పైమూత కోసేసి ఉన్నాయి. లోపల ఆరు గదులు. చూడగానే అత్తయ్య గుర్తొచ్చింది. ఆవిడ మేడమీద పిట్టగోడ పొడవునా మూలికలు పెంచుతుంది. పగిలిన బకెట్లలో, నూనె డబ్బాల్లో. ఎండాకాలం వచ్చేసరికి అవన్నీ చిట్లిపోయి మట్టి కారుతుండేది. నాలుగు పెట్టెలు కొని, ఆటోలో వేసుకుని మంగళగిరి తీసుకెళ్ళాను.

అత్తయ్య ఎంత సంబరపడిందో.

"ఏరా, ఇయ్యి దేనియ్యి?"

"లారీ బ్యాటరీలవి అత్తయ్యా. ఎండకి పగలవు. నువ్వు పోయినా ఇవి పోవు."

"నన్ను పంపించటానికే తెచ్చావా అయితే?" అని నవ్వింది. ఒక పెట్టెను వంచి లోపలికి చూసింది. "అడుగున ఇదేందిరా, బూడిదలాగా? కడగనా?"

గదుల అడుగున బూడిదరంగు మడ్డి గట్టిపడి ఉంది. నేను కూడా వంగి చూశాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో నా గొంతుతోనే వినపడుతుంది.

"బూడిదే అనుకో. మొక్కలకి బలమేగా, ఉండనీ."

"అంతేలే. సైంటిస్టువి, నువ్వు చెప్పాక ఇంకేంటి."

బ్యాటరీ అడుగున ఉండే మడ్డి ఏమిటో హైస్కూల్ పిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదా? కానీ ఆ రోజు నేను ల్యాబ్‌లో లేను, అత్తయ్య ఇంటికి చుట్టపుచూపుగా వచ్చాను. కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. తెలిసిన విషయం కూడా నా బల్ల దగ్గర కూర్చుంటేనే గుర్తొచ్చేది కాబోలు.

ఆ పెట్టెల్లో అత్తయ్య గలిజేరు వేసింది. గలిజేరు రోడ్డు పక్కన నేలకు అంటుకుని పాకే మొక్క. దాన్ని ఎవరూ ప్రత్యేకంగా పెంచరు. కానీ ఒంట్లో నీరు తీస్తుందని, రక్తం పట్టిస్తుందని అత్తయ్యకు నమ్మకం. పప్పులో వేసేది, పొడి చేసేది. మరుసటి ఏడాది నేను వెళ్ళేసరికి గలిజేరు తీగలు ఆ నల్లటి పెట్టెల్లోంచి పొర్లి పిట్టగోడ మీదుగా వీధివైపు వేలాడుతున్నాయి. పక్కనున్న బకెట్లలో తులసి, సరస్వతి ఆకు ఎండకు వాడిపోయి ఉన్నాయి. ఇది మాత్రం ముదురుపచ్చగా, కదలకుండా ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ మట్టిలో ఒక్క చీమ లేదు.

"చూశావా, చీడ ఆనదు దీనికి," అంది అత్తయ్య. అది ఆ మొక్క గొప్పతనమని ఆవిడ ఉద్దేశం. నాకూ అలాగే తోచింది.

పొడి చేయడంలో ఆవిడకు ఒక పద్ధతి ఉంది. మొక్కను వేరుతో సహా పీకాలి. వేరులోనే అసలు గుణమంతా ఉంటుందట. పీకాక కడగకూడదు, కడిగితే సారం పోతుందట. మట్టి దులిపేసి, మగ్గాల గదిలో పాత చీర మీద నీడన ఆరబెట్టి, రోట్లో దంచి, సొంత మగ్గం మీద నేసిన పలచటి నూలుగుడ్డలో జల్లించేది. ఆ పొడి ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా వచ్చేది. వేరుకు అంటుకున్న మట్టి కూడా అంతే మెత్తగా అందులో కలిసిపోయేది.

కోడలు ఆ ఇంటికి వచ్చిన నాటినుంచే కాస్త పాలిపోయి ఉండేది. రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతూ మధ్యలో ఆగి, గోడకు తల ఆనించేది. రక్తం తక్కువగా ఉందన్నారు. డాక్టరు రాసిన మాత్రలు పడక కడుపులో తిప్పుతుందంటే, అత్తయ్య గలిజేరు పొడి మజ్జిగలో కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే స్వయంగా గ్లాసు అందించేది, తాగేదాకా పక్కనే నిలబడేది. కోడలిని ఆవిడ కూతురిలాగే చూసుకుంది. దీన్ని మాత్రం మా బంధువులు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఒకసారి నేను వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి కాగితం పొట్లం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అన్నయ్యా, దీంట్లో ఇనుముందో లేదో చూడరా? అత్తయ్యేమో రోజూ తాగమంటారు. తాగాక రోజంతా నోట్లో అదోలా ఉంటంది."

"అదోలా అంటే?"

"ఇనప ముక్క చప్పరించినట్టు."

నేను నవ్వాను. "అయితే ఇంక పరీక్షెందుకమ్మా? ఇనుముందని నీ నాలుకే చెబుతోందిగా."

అందరం నవ్వాం. అత్తయ్య అందరికన్నా గట్టిగా నవ్వింది.

గవర్నర్‌పేట వచ్చి పొడిని కాల్చి ఇనుము దీపం పెట్టి చూశాను. ఇనుము బాగానే ఉంది. కడగని వేరుతో దంచితే మట్టిలో ఇనుమంతా అందులోకి వస్తుంది మరి. ఫోన్ చేసి చెప్పాను. "భేషుగ్గా ఉంది, తాగమను." నేను చెప్పాక ఆ అమ్మాయి ఇంకో చెంచా ఎక్కువ వేసుకుని తాగిందట. ఈ సంగతి నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

తాగుతున్న కొద్దీ ఆమె ఇంకా పాలిపోయింది. చేతులు మగ్గం మీది తెల్లనూలు రంగులోకి వచ్చాయి. కడుపులో మెలిపెట్టే నొప్పి వచ్చేది. ఆ సంవత్సరమే నెల తప్పింది, ఇంట్లో అందరూ సంతోషించారు. అయిదో నెలలో కడుపు పోయింది. అది ఆ పొడివల్లే అని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, గోడల రంగు శాంపిల్ ఒకటి వస్తే సీసం దీపం వెలిగించి ఉంచాను. పని అయిపోయింది. దీపం ఆర్పబోతూ చూస్తే బల్ల మూలన అత్తయ్య గలిజేరు ద్రావణం, ఎన్నో నెలల కిందటిది, సీసాలో అడుగున కొంచెం మిగిలి ఉంది. పారబోయడం మర్చిపోయాను. ఎందుకో గొట్టం అందులో ముంచాను.

అంకె పైకి లేచింది. ఆగలేదు. యంత్రం కొలవగలిగే హద్దు దాటిపోయి, తెరమీద అంకె ఉండవలసిన చోట అడ్డగీతలు వచ్చాయి. గాజుసామాను సరిగ్గా కడగలేదేమో అనుకున్నాను. ఉత్త నీళ్ళు పీల్పిస్తే సున్నా. ద్రావణాన్ని బాగా పలచన చేసి మళ్ళీ ముంచాను. ఈసారి అంకె వచ్చింది. అది చూసి కుర్చీలో కూర్చున్నాను. పొట్లంలో మిగిలిన పొడితో మొదటినుంచి చేశాను. కొలిమిలోంచి తీసిన బూడిదకు పసుపు ఛాయ ఉన్నట్టు అనిపించింది. అనిపించడమే కావచ్చు. కింద వీధిలో ఆటోలు, మూటలు మోసేవాళ్ళ కేకలు. పైన నా ముందు ఆ నీలిమంట, అందులో మా అత్తయ్య మేడమీది వేరు.

అప్పుడు గుర్తొచ్చాయి పెట్టెలు. వంగి లోపలికి చూసిన అత్తయ్య ముఖం, "కడగనా?" అన్న మాట.

వెంటనే మా బావమరిదికి, అత్తయ్య కొడుక్కి, ఫోన్ చేశాను. ఇంతవరకూ మా బంధువులు చెప్పే కథ నిజమే. కానీ నేనన్న మాటలు ఇవి.

"ఆ పొడి ఆపించరా. మంచిది కాదు."

"ఏవుంది బావా అందులో?"

"అదంతా చెప్పినా నీకర్థం కాదులే. ఆపించు."

 అతను నెమ్మదిగా అడిగాడు. "అమ్మ చేసిన పొడేగా బావా?"

నేను, "పొడి కాదురా, నేను తెచ్చిన పెట్టె," అనాలి. అనలేదు. ఫోన్ పట్టుకుని ఊరుకున్నాను. నేను ఊరుకుంటే అతను తనకు తోచిన జవాబు పెట్టుకున్నాడు. ప్రమాదం ఆపాను కదా, కారణం ఎవరైతేనేం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెండు మూడు రోజులు హాయిగా నిద్రపోయాను కూడా.

ఆ తర్వాత ఏడాదికి పైగా మంగళగిరి వెళ్ళలేదు. ల్యాబ్ పని అనేవాణ్ణి. అక్కడేం జరుగుతోందో మా బంధువుల నోటినుంచి తునకలుగా వినపడేది. కోడలికి కడుపు పోయింది అత్త పెట్టిన పొడివల్లేనట. ల్యాబ్‌వాళ్ళే చెప్పారట. ఆవిడ చెయ్యి మంచిది కాదట. నేను విని ఊరుకునేవాణ్ణి.

ఇంటికి కొత్తగా రంగులు వేయించి వ్రతం చేసుకుంటున్నామని బావమరిది పిలిస్తే, తప్పక వెళ్ళాను. వచ్చినవాళ్ళతో ఇల్లు నిండిపోయింది. అత్తయ్య ఎక్కడా కనపడలేదు. పెరట్లో రంగుతొట్ల పక్కన పీట వేసుకుని ఒక్కతే కూర్చుని ఉంది. కుడిచెయ్యి కొంగులో ఉంది. నన్ను చూసి లేచి, ఎడంచేత్తో మంచినీళ్ళు ఇచ్చింది.

"ఎడంచేత్తో ఇస్తున్నావేంటత్తయ్యా?"

కొంగు తీసింది. చెయ్యి మోచేతి దాకా మామూలుగానే ఉంది. మణికట్టు దగ్గర్నుంచి కిందికి వాలిపోయి ఉంది, తడిసిన నూలుపోగుల చిలపను కర్ర మీద వేస్తే వేలాడినట్టు. ఆవిడ వేళ్ళను పైకి లేపాలని చూసింది. ముఖంలో ఆ ప్రయత్నం కనపడింది, చేతిలో కనపడలేదు.

"ఎవరొచ్చినా ఒంగి దణ్ణం పెడతందిరా నా చెయ్యి," అని నవ్వింది. "మర్యాద నేర్చింది ముసలితనంలో."

"ఎప్పట్నుంచి?"

"నా పొడి మంచిది కాదన్నారుగా. మంచిది కాకపోతే నేనే తింటా చూడండని వాకిట్లో కూచుని తిన్నా. ఈదంతా చూస్తా ఉండగా, రోజూ తిన్నా. డబ్బా అడుక్కి వచ్చేదాకా తిన్నా." కొంచెం ఆగింది. "అంతలోకే ఇది పడిపోయింది. ఇంక నే జెప్పేదేవుంది? పెట్టిన చేతికే తగిలిందన్నారు. నరాల డాక్టరు మాత్రలిచ్చాడు. ఒకవేళ నిజంగానే నా చెయ్యి అట్టాంటిదేమో అని నాకే అనుమానంగా ఉందిరా."

సీసం ఎక్కువగా ఒంట్లో చేరితే కొందరికి మణికట్టు ఇలాగే వాలిపోతుంది, అదీ ఎక్కువ పని చేసే చెయ్యే. చదువుకున్న రోజుల్లో పుస్తకంలో బొమ్మ కూడా చూశాను. ఆ బొమ్మ నా ముందు నిలబడి నన్ను చూసి నవ్వుతోంది.

లోపలినుంచి కోడలు వచ్చి, "రండన్నయ్యా, భోజనానికి," అని పిలిచింది. నవ్వింది. చిగుళ్ళ అంచున, ప్రతి పంటి మొదట్లోనూ సన్నటి నీలిగీత ఉంది. పెన్నుతో గీసినట్టు.

నేను చూస్తున్నది గమనించి బావమరిది అన్నాడు. "నూలు కొరుకుద్ది బావా. పోగు తెగితే పంటితో కొరికి అతుకుద్ది. రంగు దిగుద్ది. ఎంత చెప్పినా ఇనదు."

రంగులద్దే ఇల్లు అది. ఆ ఇంట్లో అందరి గోళ్ళలోనూ నీలి, ఎరుపు ఉంటాయి. చిగుళ్ళకు నీలి ఉంటే ఎవరు పట్టించుకుంటారు? కానీ ఆ గీత నూలు రంగు కాదు. సీసం ఉన్న ఒంట్లో అది లోపలినుంచి పైకి వస్తుంది. పొడి ఆపి ఇంతకాలమైంది. మరి ఇంకా ఎందుకుంది?

విస్తరి ముందు కూర్చున్నాక తెలిసింది. అన్నం మీద పప్పు వడ్డించారు. గలిజేరు పప్పు.

"ఇది... పైనున్నదేనా?" అన్నాను.

"ఆఁ. మీరు పొడే వద్దన్నారు కదన్నయ్యా," అంది కోడలు. "ఆకు ఏం చేసింది పాపం? ఈసారి దంచలేదు, మీరు భయపడకండి."

వరసలో కూర్చున్నవాళ్ళంతా కలుపుకుంటున్నారు. ఎవరో నెయ్యి వేయమన్నారు. ఎవరో పప్పు బాగుందన్నారు. నేను నోరు తెరిచి ఒక్క మాట చెబితే అన్ని చేతులూ ఆగిపోతాయి. తర్వాత అందరూ ఎందుకని అడుగుతారు. ఎప్పట్నుంచి తెలుసని అడుగుతారు. నేను పప్పు అన్నంలో కలుపుకున్నాను. ముద్ద చేసుకున్నాను. తినకపోతే అడుగుతారని తిన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. వారధి మీదికి వచ్చేసరికి నోట్లో ఇనపముక్క చప్పరించినట్టు అనిపించింది. ఒక్క భోజనంతో ఆ రుచి రాదని నాకు తెలుసు. అయినా బస్సు కృష్ణ దాటేదాకా అది పోలేదు. కింద నది నల్లగా, చప్పుడు లేకుండా ఉంది. కిటికీ అద్దంలో నా ముఖం కనపడితే పెదవి పైకి ఎత్తి చిగుళ్ళు చూసుకున్నాను. పక్కనున్నాయన నా వైపు చూసి సీటు మారాడు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ మంగళగిరి వెళ్ళాను. ముగ్గురినీ మేడమీదికి పిలిచి, ఆ పెట్టెల పక్కన నిలబడి చెప్పాను. మడ్డి గురించి, నేనన్న మాట గురించి, సీసం దీపం గురించి, ఫోన్లో ఊరుకున్నదాని గురించి. పెట్టె ఒకటి బోర్లించి అడుగు చూపించాను. వేళ్ళు ఆ బూడిదరంగు మడ్డిలోకి దిగి, దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

బావమరిది నన్ను కొడతాడేమో అనుకున్నాను. అతను తల్లి చేతివైపు చూసి, కిందికి దిగి వెళ్ళిపోయాడు. కాసేపటికి మగ్గం చప్పుడు మొదలైంది, ఎప్పటికన్నా గట్టిగా. కోడలు తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.  

అత్తయ్య చాలాసేపు తన చేతిని ఎడంచేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంది, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు.

"అంటే నా చెయ్యి కాదన్నమాట," అంది.

"కాదత్తయ్యా."

"అప్పుడే చెప్పుంటే అప్పుడే తెలిసేది కదరా."  చెయ్యి మళ్ళీ కొంగులో పెట్టుకుంది. "ఇక్కడ రెండే ఉన్నయ్యి. రెండు కిందీదిలో ఇచ్చా. పా, తెచ్చుకుందాం."

ఇద్దరం వీధిలోకి దిగాం. నేను తెచ్చినవి నాలుగే పెట్టెలు. కానీ ఆ వీధి మలుపు తిరిగేసరికి నేను ఆగిపోయాను. ఒక పిట్టగోడ మీద నల్లటి పెట్టె, అందులోంచి వేలాడుతున్న గలిజేరు. దాని ఎదురింటి అరుగు మీద ఇంకొకటి. ఆ పక్క మేడ మీద వరసగా ఇంకొన్ని. ఎండ అప్పుడే ఎక్కుతోంది. మిగతా మొక్కలన్నీ తలలు వాల్చాయి. అవి మాత్రం ఇంటింటికీ ముదురుపచ్చగా, కదలకుండా మా వైపే చూస్తున్నట్టున్నాయి. జనం చేతిని వెలివేసి పెట్టెను ఉంచుకున్నారు.

మొదటి ఇంటావిడ గుమ్మంలోనే ఆపింది. అత్తయ్యను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. నన్ను చూసి, "రండి రండి," అంది.

"ఈ పెట్టెలు మీకెక్కడివండీ?" అని అడిగాను.

"మావారు బెజవాడ నుంచి తెచ్చారండి. మీరు తెచ్చిందాని లాంటిదే కావాలని చెప్పి మరీ తెప్పించుకున్నా. ల్యాబ్‌లో చేసే ఆయన ఊరికే తెస్తారా, ఏదో బలం ఉండబట్టేగా అనుకున్నాం అందరం."

ఏమిటో చెప్పాను. ఆవిడ వింటూ విసుగ్గా తల ఊపింది. "పొడి కదండీ చెడ్డది? మేం పప్పులోకే వాడతాం."

"పొడీ కాదు, ఆకూ కాదు. ఆ పెట్టె అడుగున ఉన్నది."

"మరి ఇంతకాలం చెప్పలేదేమండీ?"

నేను నోరు తెరవకముందే అత్తయ్య అందుకుంది. "ఇప్పుడు చెబుతున్నాడుగా. ఆ పెట్టె దింపు ముందు. నేను ముట్టుకోనులే, నువ్వే దింపు."

ఆవిడ పెట్టె దింపింది. అన్ని ఇళ్ళలోనూ దింపలేదు. కొందరు తర్వాత చూద్దామన్నారు. ఒకాయన, మీ అత్తను వెనకేసుకొస్తున్నారా అని ముఖం మీదే అడిగాడు. అలా అడిగినవాళ్ళ పెట్టెలు దింపించడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది. ఇద్దరు ముగ్గురి మట్టి ల్యాబ్‌కి తెచ్చి అంకె రాసి చూపిస్తే గాని నమ్మలేదు. మట్టిని ఎక్కడో పారబోయమని నేను చెప్పలేను. ఈ డెల్టాలో ఎక్కడ పోసినా వానకు కాలవలోకి వెళుతుంది, కాలవ నుంచి ఎవరి మడిలోకో వెళుతుంది. ఆ మట్టినీ, పెట్టెల్నీ గోనెసంచుల్లో మూటకట్టి, అలాంటి వ్యర్థాలను తీసుకునే చోటికి పంపించాను. వాటి కోసం బండి వచ్చేసరికి ఒక గోనె పోగుల మధ్యలోంచి గలిజేరు రెండాకులు బయటకు వచ్చి ఉన్నాయి, నీళ్ళు లేకుండానే.

అత్తయ్యకూ కోడలికీ రక్తపరీక్ష చేయించాను. సీసం ఎక్కువే ఉంది. వైద్యం నడుస్తోంది. కోడలి చిగుళ్ళ గీత పలచబడింది. అత్తయ్య మణికట్టుకు పట్టీ వేశారు, వ్యాయామం చేయిస్తున్నారు. ముందే వచ్చి ఉంటే ఇంకా బాగా తిరిగి వచ్చేదని డాక్టరు అన్నాడు. ముందే ఎందుకు రాలేదని ఆయన నన్ను అడగలేదు. అత్తయ్య కూడా ఆయనకు చెప్పలేదు.

పోయిన నెల వెళ్ళినప్పుడు మధ్యాహ్నం అందరం కింద కూర్చున్నాం. అత్తయ్య ఆవకాయ అన్నం కలిపింది. ఎడంచెయ్యి కుడిచేతి కింద పెట్టి, మణికట్టును ఎత్తి పట్టుకుని, ఆ కుడిచేత్తోనే ముద్ద చేసింది.  ముద్ద సరిగ్గా కుదరలేదు. అయినా కోడలి ముందుకు చాపింది. ఆ ఇంట్లో ఆ చేతి ముద్ద ఎవరైనా తిని ఎంతకాలమైందో.

కోడలు చెయ్యి చాచింది. మధ్యలో ఆగింది. ఆగి, నా వైపు చూసింది.

ఇంత జరిగాక కూడా నా వైపే చూసింది. తినొచ్చా అన్నట్టు. నేను తల ఊపాను. అప్పుడు తీసుకుంది.

అత్తయ్య అది చూడనట్టే ఇంకో ముద్ద కలుపుతూ కూర్చుంది.